ముల్లు లేని చేప

పడవలో మంచుపెట్టె దిగింది,
అందులో మూడు రకాల చేప బిళ్ళలు.
వాటికి పేర్లు లేవు, అంకెలే:
నాలుగొందల పదిహేడు,
తొమ్మిదొందల ఆరు,
మూడొందల అరవై రెండు.
పేరు వింటే నాలుక పక్షపాతం చూపిస్తుందట.
పట్నం నుంచి వచ్చిన పోషకాహారం జుసారా చెప్పింది,
తాపజోస్ నది ఎండకి కందిన ముక్కుతో,
చంకలో తక్కెడ, చేతిలో కాగితాల కట్ట.

నేను జుల్మీరా. ఈ బడి వంటగదిలో
ఇరవై రెండేళ్ళుగా గరిటె నాదే.
వారానికి రెండు రోజులు చేప.
నది ఇచ్చే చేపకి నది పెట్టిన ముళ్ళుంటాయి.
నూట నలభై గొంతులు
నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
ప్రాణం పెట్టుకుని కూర్చుంటాయి.
ఒక్క ముల్లు దాటనివ్వలేదు,
ఒక్కసారి తప్ప. ఆ పిల్లాడిప్పుడు పడవ నడుపుతాడు,
కనబడితే గొంతు సవరించుకుని నవ్వుతాడు.

కాగితం మీద అయిదు మొహాలు.
మొదటిది ఏడుస్తుంది, చివరిది ఇకిలిస్తుంది,
మధ్యలోది గోడలా ఉంటుంది.
తిని, నీ మొహం ఏదో దానికి సున్నా చుట్టాలి.
నూటికి ఎనభై అయిదు మంది నవ్వితే
వచ్చే ఏడు నుంచి ఆ బిళ్ళే మా పెనం మీద.

అన్నం ఉడికిందో లేదో
ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు.
పిల్లలు మెతుకులు కారు.
వాండర్లేయా పక్కవాడి కాగితం చూసి చుట్టింది.
ఇజాకీ అయిదు మొహాలకీ టోపీలు పెట్టి
ఏదీ చుట్టలేదు.
ఒకటో తరగతి బుడ్డోడు చెయ్యెత్తి,
"గబగబా మింగేశాను,
రుచి తెలిసేలోపే అయిపోయింది,
ఆ మొహం ఎక్కడుంది?" అన్నాడు.
జుసారా పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది.
మనిషికి ఒక్కో రకం ఒక్కటేనని రూలు.
నేను గిన్నెలకేసి తిరిగాను.
ఇటు తిరిగేసరికి వాడి బుగ్గ ఉబ్బి ఉంది.
ఆవిడ కిటికీలోంచి నదిని చూస్తోంది.

జాలరి మౌరీలియో కూతురు మాత్రం
బిళ్ళని నాలుగుగా విరిచి,
ముక్క ముక్కా విప్పి,
కళ్ళద్దాలు పోయిన ముసలమ్మలా వెతికింది.
"దీనికి ముల్లేది?"
తీసేశారమ్మా, ఫ్యాక్టరీలో యంత్రం ఉంది.
"తోకేది?"
అదీ తీసేశారు.
"ఏం చేప?"
చేపే.
"మా నాన్న పట్టలేదు దీన్ని" అంది.
గోడ మొహానికి సున్నా చుట్టింది,
పెన్సిలు కింద బల్లకి దిగేలా.

మిగిలిందంతా తక్కెడలో వేశాం.
నూట ముప్పై గ్రాములు,
సగం ఇజాకీ బల్ల కింద దొరికిందే.
ఆవిడ కూడికలు వేస్తుంటే నేను పళ్ళాలు కడిగాను.
మూడొందల అరవై రెండుకి
ముప్పై ఎనిమిదిలో ముప్పై రెండు నవ్వులు.
ఎనభై నాలుగు, అంది నీరసంగా.
కాసేపటికి, ఎనభై ఆరున్నర, అంది.
టోపీల కాగితం లెక్కలోకి రాదట.

వంటవాళ్ళకి కాగితం ఇవ్వరు.
పడవ కూత వేసింది. మెట్లు దిగుతూ
"మీకు పని తగ్గుతుంది, జుల్మీరా" అంది,
మంచి మనసుతోనే అంది.
పనితో పాటు మనిషిని కూడా తగ్గిస్తారా
అని అడగబోయి ఊరుకున్నాను,
అడిగేటప్పుడు ఏ మొహం పెట్టాలో తెలియక.

అందరూ వెళ్ళాక
మూడొందల అరవై రెండు ఒకటి మిగిలి ఉంటే
తలుపు వేసుకుని తిన్నాను.
అంచు కరకర, లోపల మెత్తన, ఉప్పు సరిపోయింది.
కాస్త నిమ్మకాయ పిండాలి, అంతే.
బాగుంది.
వంక పెడదామని రెండోసారి కొరికాను.
అప్పుడూ బాగుంది.

నోరు ఎప్పుడో ఒప్పేసుకుంది.
పళ్ళెంలో మిగిలిన తునకని మాత్రం
నా బొటనవేలూ చూపుడువేలూ
ఇంకా తడుముతూనే ఉన్నాయి,
ముల్లు కోసం.