ఒకటో దెబ్బ

దేవరకొండల మోటర్ వైండింగ్ షాపు మీది రూము మాది.
గోడలకు కోడిగుడ్ల అట్టలు,
కిందికెల్లి వార్నిష్ వాసన,
కరెంటు ఉన్నంతసేపే రికార్డింగు.

మైసయ్యకు చెప్పుడే కష్టమైంది.
"రెగ్గేల ఒకటో దెబ్బ కొట్టొద్దే,
ఇడిశిపెట్టు. మూడోదాని మీద పడు."
ముప్పై ఏండ్ల సంది పెండ్లికీ పీనుగుకూ
ఒకటోదాన్నే గుద్దినోడు
నన్ను ఎగాదిగ జూసిండు:
"ఇత్తనం ఎయ్యకుంట సాలు దున్నినట్టుంటది గద!"

మిద్దె మీద అట్టముక్కలంటువెట్టి డప్పు కాగవెట్టిండు.
జానీమియా పగలంత వాటర్ ప్లాంటుల క్యాన్లు నింపేటోడు,
ఆటోల నిండు క్యాను దించినట్టే
బేసు తీగ మీద ఒక్కొక్క సురం కూసుండవెట్టిండు.
బల్ల మీద చాయ మీగడ వణికింది.
ప్రసూన గిటారు సందులల్లనే చిక్, సందులల్లనే చిక్,
కల్లంల గింజలేరే కోడి ముక్కు.

రెండు రోజులు కుదరలే.
మూడోనాడు సరిగ్గ ఒకటోదాని మీద
మైసయ్యకు దగ్గొచ్చింది.
చెయ్యాగింది.
మూడోదాని మీద పడ్డది.
రూమంత ఊగింది, గుడ్ల అట్ట ఒకటి ఊడి నా నెత్తిన పడ్డది.
"గింతేనా? దీనికి మూడొద్దులా?" అన్నడు.

పాట ఊగుతున్నది గని లోతు లేదు.
కంప్యూటర్ల ప్రతిధ్వనులు పది రకాలున్నయి,
అన్నీ కడిగిన బాత్రూములే.
చందంపేట తొవ్వల ఈదమ్మ బాయికి పోయినం.
ఇరవై గజాలు. ఆరేండ్ల సంది సుక్క లేదు.
మోకు కట్టి స్పీకరు దించినం, నడిమిట్ల మైకు యాలాడదీసినం.
దెబ్బ కిందికి పోయింది,
రాయిని అడిగి, ఇంకో రాయిని అడిగి
తాపీగ మీదికొచ్చింది.
పావురాలు లేసినయి. వాటినీ ఉంచినం.
కట్టెల మోపుతోటి వచ్చిన ఈదమ్మ ఒరమీద వంగి
"ఎవరు బిడ్డా లోపల?" అన్నది.
అదీ ఉంచినం.

భాద్రపదంల వాన దంచింది.
రెండో పాటకు మల్ల పోతే
బాయి సగం నీళ్లు, కప్పల లొల్లి,
దించిన దెబ్బ పొట్టిదై గుబుక్కుమన్నది.
మా మొకాలు జూసి ఈదమ్మ నవ్వింది:
"నీళ్లొస్తే ఏడ్చేటోళ్లను మిమ్ములనే జూసిన!"

గిప్పుడు కింద షాపుల ఆమె మోటరుకే తీగ చుడుతున్నరు.
మీద హెడ్‌ఫోన్లల్ల ఆ బాయి ఇంకా ఎండే ఉన్నది.
నాలుగు దెబ్బలకోపారి
ముసలామె వంగి అడుగుతనే ఉన్నది.
మైసయ్య మాత్రం
ఒకటోదాని కాడ ఇంకా దగ్గుతడు,
కావాలనే.