నల్లవన్నీ ఇక్కడ పెట్టండి

తెల్లారి నాలుగింటికే దించారు మమ్మల్ని,
గుంటూరుకి ఇవతల, హైవే పక్కన
మొన్నటిదాకా పొలమైన మైదానంలో.
పార్టీ మహాసభ. మూడు రోజులు.
ఆడవాళ్ల గేటు నాది.
హోంగార్డు మస్తాన్‌బీ. నంబరు ఎందుకులెండి.

ఎస్సై గారు ఒక్కటే ముక్క చెప్పారు:
"నల్లది ఏదీ లోపలికి పోకూడదు."
పోయినసారి ఎవరో జేబురుమాలు ఊపారట,
అది టీవీల్లో వారం రోజులు ఊగిందట.

గొడుగులు తీసుకున్నాను. చున్నీలు తీసుకున్నాను.
ఒక ముసలమ్మ నల్లసంచీలో మందుబిళ్లలుంటే
బిళ్లలు దోసిట్లో పోసి సంచీ ఉంచుకున్నాను.
చున్నీ ఇచ్చేసిన పెదకాకాని పిల్ల
రెండు చేతులూ ఎదకి అడ్డం కట్టుకుని నడిచింది
కుర్చీ దొరికేదాకా.
మావాళ్లు నలుగురు బురఖాల్లో వస్తే
సెట్‌లో చాలాసేపు మాట్లాడుకుని
వెనక వరసలకి పంపారు.
నాది ఇంట్లో మేకుకి వేలాడుతోంది.

చంటిదాని బుగ్గన దిష్టిచుక్క చూపించి
"ఇదో సార్?" అన్నాను. నవ్వారు.
నల్లపూసల సంగతి అడగలేదు,
అడిగితే ఏమనేవారో.

పన్నెండున్నరకి పెద్దాయన మైకు అందుకుని
"ఈ రాష్ట్రంలో ఆకలి అనే మాట" అన్నారు.
అంతే.
పద్దెనిమిదో వరసలో ఆరుగురు లేచారు,
కుర్చీలెక్కారు,
సిగల్లోంచి పిన్నులు లాగేశారు.
జుట్టు!
ఒకామెది నడుము కిందికి, ఒకామెది భుజాల దాకానే,
నూనె పెట్టి దువ్వుకొచ్చిన జుట్టు
విరబోసి జెండాల్లా ఊపారు.

బడి వంటమ్మలట. దుగ్గిరాల వైపు.
ఎనిమిది నెలల బిల్లులు.
గుడ్లు అప్పు, గ్యాసు అప్పు,
చెవులకి కమ్మలుండాల్సిన చోట చీపురుపుల్లలు.

జనం ముందు నవ్వారు. తర్వాత అందుకున్నారు.
"ఎంతిచ్చారే మీకు?" "దిగవే, స్టేజీ కనపట్టంలా."
నీళ్ల ప్యాకెట్ ఒకటి ఎగిరొచ్చి
ఒకామె చెవి మీద పగిలింది.
విసిరినామెని గుర్తుపట్టాను,
పొద్దున నా దగ్గర గొడుగు వదిలెళ్లిన మనిషి.

నేనూ తిట్టుకున్నాను, అబద్ధమెందుకు.
ఈ గొడవతో డ్యూటీ రాత్రి పదకొండవుతుంది.
బయట వాళ్ల మనుషులు రోడ్డు మీద
గంగాళాలు బోర్లించి కూర్చున్నారు,
మంగళగిరి దాకా లారీలు.
మా తమ్ముడు మిర్చి టిక్కీలతో యార్డుకెళ్తూ ఇరుక్కుని
ఫోన్‌లో అరిచాడు: "మీ వంటోళ్లు..."
మిగతాది రాయను.
"మీ" అన్నాడు. నేనేం చేశాను?

చెయ్యి పట్టి దించాను ఒకామెని.
జుట్టంతా నా మొహం మీద పడింది.
కొబ్బరినూనె, పొయ్యి పొగ, పప్పుచారు.
మావాడు బడినుంచి వచ్చినప్పుడు
వాడి చొక్కా వాసన.
"మెల్లగమ్మా, మోకాలు" అంది.

సాయంత్రం వాన.
గొడుగుల కుప్ప మీద జనం పడ్డారు,
ఎవరిది ఎవరికి చిక్కిందో దేవుడికెరుక.
ఆ ప్యాకెట్ మనిషీ వచ్చింది.
గొడుగు దులిపి, తెరవకుండా నిలబడి
"వాళ్లనెటు తీసుకుపోయారు?" అంది చిన్నగా.
తెలీదన్నాను.
తెలుసు.

మర్నాడు మెమో.
నిషేధిత వస్తువు లోపలికెలా వెళ్లింది, సంజాయిషీ రాయి అని.
మావాణ్ని కూర్చోబెట్టి రాయించాను:
అయ్యా, సంచులు చూశాను. చెప్పులు చూశాను.
రవికెలో దాచుకున్న పర్సులు చూశాను.
సిగముళ్లు కూడా నొక్కి చూశాను,
పిన్నులు తప్ప ఏమీ లేవు.

ఆ పిన్నులు కుర్చీల కింద ఏరాను, పదకొండు.
ఎవరికి అప్పజెప్పాలో
మెమోలో లేదు.