నడిమికి రాని చక్రం

బింగినపల్లి ఉప్పు కయ్యల పక్కన
ప్రార్థన కూటాల రెండో రాత్రి,
మూడో పాట మధ్యలో కీబోర్డు దిగింది.
నా వేలు సా మీదే ఉంది.
సా మాత్రం దాని చోట లేదు,
వెంట్రుకవాసి కింద,
మెట్టు దిగబోయి ఆగిన మనిషిలా.

ట్రాన్స్‌పోజ్ చూశా, సున్నా.
ట్యూనింగ్ చూశా, నాలుగొందల నలభై.
ఆపి మళ్ళీ వేశా.
వేసినప్పుడల్లా ఇంకో చోట నిలబడతంది.
ప్యాడ్ల రూబేను నా వైపు గుడ్లురిమాడు.
కరుణమ్మక్క మాత్రం ఏమీ అనలా.
పెట్టె ఎక్కడికి దిగితే అక్కడికి గొంతు దించి
పాటను చంకనెత్తుకుని అవతలికి దాటించింది.
జనానికి తెలియలా.
నా చెవులకు తెలిసింది. కాలిపోయినై.

పొద్దున్నే దుప్పట్లో చుట్టి
కందుకూరు బస్సులో ఒళ్ళో పెట్టుకున్నా.
కండక్టరు దానిక్కూడా టిక్కెట్టు కొట్టాడు.

సిలార్ కొట్టు నిండా
మిక్సీలు, పాలల్లో వెన్న కొలిచే మిషన్లు,
రెక్క విరిగిన టేబుల్ ఫ్యాను ఒకటి.
"ఒక్క స్వరమేనా, అన్నీనా?"
అన్నీ.
"అన్నీ ఒకే లెక్కనా?"
ఒకే లెక్కన.
"అట్టయితే మీటల మీద నేరం మోపమాక"
అని, ఎడం పక్కనున్న పిచ్ చక్రాన్ని
బొటనవేలితో తోసి వదిలేశాడు.
వచ్చింది. కొసాకి రాలా.
"చూడబ్బయ్యా,
ఇంటి దాకా వచ్చి వాకిట్లో కూలబడింది."

ఇరవైరెండు మరలు.
టిఫిను మూతలో ఒక్కొక్కటీ గలగల.
లోపల, చక్రం ఇరుసు కింద
గోరంత పెట్టె, దానికి మూడు తీగలు.
రెండు కొసల మధ్య మీటరు పది వేలు చూపించింది.
నడి తీగకు ఐదు వేలు రావాలంట.
నాలుగువేల ఆరొందలు,
నాలుగువేల ఎనిమిదొందలు,
ముట్టుకోకుండానే ఐదువేల మూడొందలు,
కట్టు తెంచుకున్న మేకపిల్ల గంతులు.

తీగ మొదట్లో పచ్చటి చిలుము.
"మీ ఊరి గాలే," అన్నాడు,
"ఉప్పుని కయ్యలో ఉండమంటే ఉంటదా?"
వదులైన స్ప్రింగు కాలు పట్టకారుతో వంచాడు.
మందు కొట్టి చక్రం యాభైసార్లు తిప్పాడు.
టీ తాగినంతసేపు బాగానే ఉంది.
మళ్ళీ గంతులు.
"మురికైతే కడిగితే పోను.
ఇది తినేసింది.
సామాను మద్రాసు నించి రావాల, నాలుగు రోజులు."

కూటాలకు ఆఖరి రాత్రి ఈ రాత్రే.

నడి తీగ కత్తిరించి
సమానంగా ఉన్న రెండు బుల్లి రెసిస్టర్లు అతికాడు.
"నడిమికి కట్టేశా. ఇంక కదలదు.
వంగదు కూడా, ముందే చెబుతున్నా."

ఆ రాత్రి స్వరాలన్నీ
సర్వే రాళ్ళలా నిలబడ్డాయి.
ఏడుపు పాట వచ్చేసరికి
అలవాటుకొద్దీ బొటనవేలు చక్రం మీదికి పోయింది.
ఉత్తదే తిరిగింది, నీళ్ళు లేని బావి గిలకలా.
కరుణమ్మక్క నా వేలు చూసింది.
నేను ఇవ్వలేని వంపు
తనే గొంతులో తీసింది,
ఊపిరి సరిపోక చివర్లో కాస్త బొంగురుపోయి.

ఐదో రోజు సామాను వచ్చింది.
సిలార్ వేశాడు, నడిమి సరిచేశాడు.
తోస్తే పోతంది, వదిలితే వస్తంది.
చర్చి వరండాలో మోగించి చూపించా.
"బాగైందా అక్కా?"

ఆమె చీపురు గోడకానించి
కాసేపు ఏమీ అనలా.
"ఆ రెండో నాటి రాత్రి పెట్టె దిగిందే,
ఆడ నాకు హాయిగా ఉన్నింది నాయనా.
పదకొండేళ్ళుగా మీ ఎత్తుకి
మునివేళ్ళ మీద నిలబడి పాడతన్నా.
మళ్ళీ ఆడికి దించగలవా?"

చక్రం జోలికి పోలా.
ట్యూనింగ్ తెరిచి ఒక్కో అంకె దించుకుంటా వచ్చా,
ఆమె మూసిన పెదాలతో సా పట్టుకుని ఉంటే.
నాలుగొందల ముప్పైమూడు దగ్గర
చెయ్యి ఎత్తి ఆపమంది.

ఆ అంకె తెల్ల ప్లాస్టరు మీద రాసి
చక్రం పక్కన అంటించా.
రూబేను చూసి, ఇదేంది, ఎవురి ఫోన్ నెంబరు,
సగమే రాశావన్నాడు.