తొమ్మిదో నంబరు

ఆవడి మైదానంలో కాల్పులైపోయాయి.
చెవిలో ఇంకా ఒక ఈగ తిరుగుతోంది.
కోత్ గదిలో పొడుగు బల్ల,
బల్ల మీద చింపి పరిచిన పాత లుంగీ,
లుంగీ మీద ఇరవై రైఫిళ్లు
ముట్టుకుంటే జ్వరంగా.

మేగజైన్ తీసెయ్. బోల్టు లాగు. చూడు.
మళ్లీ చూడు. చిటికెన వేలు పెట్టి చూడు.
"కన్ను అబద్ధమాడుతుందమ్మా, వేలు ఆడదు"
అనేవారు ఎతిరాజులు సారు,
నాకీ పని నేర్పినాయన.
రిటైరై నాలుగేళ్లయింది.
మూడోసారి ఆయన కోసం చూస్తాను.

రెండు పిన్నులు తోస్తే
రైఫిలు నడుం దగ్గర రెండవుతుంది.
పై సగం అందరికీ ముద్దు.
గొట్టంలో తొంగిచూసి అద్దంలా ఉందంటారు,
తమ ముఖమేదో అందులో కనబడినట్టు.
కింది సగం జోలికి ఎవరూ రారు.
అరచెయ్యంత పెట్టె. అందులో
ట్రిగ్గరు, సుత్తి, స్ప్రింగులు,
సేఫ్ నుంచి ఫైరుకు తిరిగే చిన్న చెవి.
ఔనూ కాదూ కాపురముండేది
ఈ ఇరుకింట్లోనే.

సుత్తిని బొటనవేలితో ఆపి మెల్లగా దించాలి,
ఒట్టిగా కొట్టనిస్తే పెట్టె గోడ దెబ్బతింటుంది.
అరిగిన పళ్ల బ్రష్షు, కాస్త కిరసనాయిలు,
మూలలకు వెదురుపుల్ల మీద చుట్టిన దూది.
మసి కాటుకలా దిగుతుంది,
కాటుకలో ఇత్తడి రజను.
తుడిచి, ఆరనిచ్చి,
అప్పుడు నూనె.

మా నాన్న కన్నయ్య
పెరంబూరు రైల్వే క్వార్టర్లలో
కుట్టుమిషన్లు బాగుచేసేవాడు.
ఆయన నూనెబుడ్డి, పొడుగు ముక్కుది, నా దగ్గరుంది.
సర్కారు నూనె అందులో పోసుకుంటాను.
"చుక్క చాలు తల్లీ,
రెండో చుక్క దుమ్ముకి శుభలేఖ."
సుత్తి ఇరుసుకి ఒకటి, ట్రిగ్గరు ఇరుసుకి ఒకటి,
ఆ రెండూ ఒకదాన్నొకటి కరుచుకునే పంటి మీద
ఈపి అంత.
మరీ పొడిగా వదలకూడదు. సముద్రం ఇక్కడికి దూరమే,
అయినా రాత్రిపూట వచ్చి
ఇనుమును నాకిపోతుంది.

ఎనిమిది అయింది.
తొమ్మిది విప్పాను.
బ్రష్షు పెడితే బ్రష్షు బ్రష్షులాగే వచ్చింది.
గుడ్డ పెడితే నిన్నటి నా నూనే,
పెట్టిన చోటే, పెట్టినట్టే.
ముట్టుకున్నప్పుడే తెలియాల్సింది,
దీనికి జ్వరం లేదు.

పది విప్పాను.
మసి రెండింతలు. దూది మూడుసార్లు మార్చాను.

రిజిస్టరులో తలా నలభై గుళ్లు.
ఖాళీ తొడుగులు ఎనిమిది వందలు,
బకెట్టు బోర్లించి ఎంచారు, సరిపోయాయి.
తొమ్మిది పొన్నరసిది.
పొద్దున సంతకం పెడుతూ పెన్ను రెండుసార్లు జారవిడిచింది.
పది రెబెక్కాది.
తిరిగి ఇచ్చేటప్పుడు భుజం రుద్దుకుంటూ
గోడమీద కేలండరు చూసింది.
అందులో ఏముంది? ఐదో తారీకు జీతం.

ఆ పిల్ల ఎందుకు కాల్చలేదో
పెట్టెలో రాసి ఉండదు.
భయమో, ఒప్పదో, ఎవరి ముఖమైనా గుర్తొచ్చిందో.
మసైతే గుడ్డకు అంటుతుంది,
మసి లేకపోవడం దేనికంటుతుంది?

రేపు అడగాలా?
అడిగితే ఇద్దరికీ మెమో.
అడక్కపోతే, ఎప్పుడో ఒక రోజు
ఏ వీధి మలుపులోనో ఆ పిల్ల పక్కన నిలబడేవాడికి
ఎవరు జవాబు చెప్పాలి?
ఎతిరాజులు సారు దీనికి సామెత చెప్పలేదు.

కాల్చని రైఫిలుకీ తుప్పు పడుతుంది.
పదిని తోమినంతసేపూ తొమ్మిదినీ తోమాను,
ఒట్టి ఇనుమునే.
ఇరుసుకో చుక్క, ఇరుసుకో చుక్క, పంటి మీద ఈపి అంత.
రెండు సగాలు కలిపి పిన్నులు నొక్కాను.
చెవి సేఫ్‌లో ఉందో లేదో
మళ్లీ వేలు పెట్టి చూశాను.

తొమ్మిదో వరసలో రాశాను, శుభ్రం.
అబద్ధమేం కాదు.
చిటికెన వేలి గోట్లో కొంచెం నలుపు మిగిలింది,
సబ్బు పెట్టినా పోలేదు.
అది పదోది.