దీర్ఘం

పాలకొల్లులో మా లాకులపేట పార్కుకి
రెండు బెంచీలు, ఒక జారుడుబల్ల, ఒక సిపాయి.
అన్నిటికీ కలిపి ఒకటే తాళం,
రాత్రి తొమ్మిదింటికి వేసేది నేనే.

బొమ్మ చేసినాయనకి దొరికింది
రేషన్ కార్డు మీది ఫొటో ఒక్కటే.
అందులో కుర్రాడికి మీసం లేదు.
మీసం లేని సిపాయిని ఎవరు నమ్ముతారని
ఆయనే మెలితిప్పి పెట్టాడు.
తుపాకీ గొట్టం మొన్నటి తుపానుకి విరిగితే
లోపలి ఇనుప చువ్వ బయటపడింది,
సాయంత్రాలు దాని మీద తూనీగ వాలుతుంది.
పిల్లలకి ఆ దిమ్మే వికెట్లు.
బంతి దిమ్మకి తగిలితే ఔటు,
సిపాయి కాలికి తగిలితే మాత్రం కాదు.
ఈ రూలు ఎవరు పెట్టారో తెలీదు,
ఎవరూ తప్పరు.

వాడు బతికుండగా ఇక్కడ పార్కు లేదు,
కొబ్బరి పీచు ఆరబోసేవాళ్ళు.
లాకు గేటు మీంచి తలకిందులుగా దూకి
పడవవాళ్ళ చేత తిట్లు తినేవాడు.
ఇప్పుడు బొమ్మని రోడ్డు వైపు తిప్పారు.
కాలవకి వీపు పెట్టి అంతసేపు నిలబడ్డం
వాడికిదే మొదటిసారి.

దిమ్మకి నల్లరాయి. రాయి మీద
కొల్లాబత్తుల సువర్తరాజు, లాన్స్‌నాయక్.
సువార్త కదా.
వకి దీర్ఘం మింగేశారు.
పెద్దలు దండలేసి, ఫొటోలు దిగి,
కూల్‌డ్రింకులు తాగి వెళ్ళారు.
చూసింది రాహేలు ఒక్కతే. వాళ్ళక్క.

రాహేలు రొయ్యల షెడ్డులో తలలు తీస్తుంది.
వేళ్ళ చివర్లు ఐసుకి నాని పాలిపోయి ఉంటాయి.
ఒకసారి నన్నడిగింది:
"అక్కడి మంచు కూడా ఇలాగే ఉంటాదా,
ముందు మంట పుట్టి, తరవాత ఏమీ తెలీకుండా?"
నేను గోదారి దాటి చలి ఎరగను.
"ఉంటాదేమో" అన్నాను.

ఏటా జూన్‌లో, కాలవకి నీళ్ళు వదిలిన వారం,
షెడ్డు నుంచి తిన్నగా వస్తుంది
రొయ్య వాసనతోనే.
కొంగుతో రాయి తుడిచి
సుద్దముక్కతో దీర్ఘం పెడుతుంది.
బడికెళ్ళని అక్కకి పలక మీద
పేరు రాయడం నేర్పింది వాడేనట.
"దీర్ఘం మర్చిపోతే నువ్వు నువ్వు కాదే అక్కా"
అని నవ్వేవాడట.
రెండు వానలకి సుద్ద పోతుంది.
మళ్ళీ ఏడాదంతా వాడు సువర్త,
అర్థం లేని మాట.

ఆ కబురు వచ్చిన రోజు సంగతి ఆమె చెప్పదు.
మంచి వార్త అని పేరున్నవాడి గురించి
వచ్చిన కాగితాన్ని
ఎవరు చదివి వినిపించారో చెప్పదు.

నాకే ఉండబట్టలేదు.
సమాధిరాళ్ళు చెక్కే జోగులు దగ్గర
ఉలి అరువు తెచ్చి, ఓ రాత్రి
తాళం లోపల్నుంచి వేసుకుని
టార్చి పళ్ళతో పట్టుకుని చెక్కాను.
వంకరగా వచ్చింది. లోతుగానే వచ్చింది.
కౌన్సిలరు చూస్తాడని వారం రోజులు భయపడ్డాను.
చూడలేదు.

జూన్ వచ్చింది. రాహేలు వచ్చింది.
రాయి తుడుస్తూ వేలు గీత దగ్గర ఆగింది.
సుద్దముక్క చేతిలో అలాగే ఉండిపోయింది.
అప్పుడు తెలిసింది నాకు,
ఏం తీసేసుకున్నానో.

చాలాసేపటికి వంగి
నా వంకర గీతలోనే సుద్ద ఆనించి
మెల్లగా, పలక మీద దిద్దినట్టు
దిద్దింది. ఒకసారి కాదు.
కుర్రాళ్ళు బ్యాటు కింద పెట్టి నిలబడ్డారు.
"స్కోరెంతరా?" అంది వాళ్ళతో,
మోకాళ్ళ మీద చేతులాన్చి లేస్తూ.