మూలం కావాలి

"కాంతి కాలుష్యం" వ్యాసంలో
మొదట నాలుగే వాక్యాలుండేవి.
ఒకటి ఎవరో యంత్రంలో వేసి తీసింది:
"తేలికపాటి కాలుష్యం ఒక సమస్య" అని.
నవ్వొచ్చింది. దిద్దాను.
అలా అంటుకుంది.

పగలు నేను పోర్టులో టాలీ గుమాస్తాని.
పగలన్నానా, సెకండ్ షిఫ్టు.
హైమాస్టు దీపాల కింద కంటైనర్లు లెక్కపెడతాను.
సూది పడ్డా దొరుకుతుంది.
నాకక్కడ నాలుగు నీడలు,
ఏ ఒక్కటీ పూర్తిగా నల్లగా ఉండదు.
పదకొండింటికి కంచరపాలెం చేరి
అన్నం తిని, కంప్యూటరు తెరిచి
ఆ దీపాల మీద చాడీలు రాస్తాను.

స్కైగ్లోకి తెలుగేమిటి?
చర్చాపేజీలో పదిరోజులు నడిచింది.
గగనదీప్తి అన్నారొకరు, పెళ్లికూతురి పేరులా.
నభోకాంతి అన్నారింకొకరు, చీరల కొట్టు బోర్డులా.
ఆదివారం జాలారిపేట వెళ్లి
గరికిన దానయ్యనడిగాను.
చిరిగిన వల కడుతూ తలెత్తకుండానే చెప్పాడు:
"దాన్ని ఊరెలుగంటాం.
ఏటలోంచి సూస్తే
నీటి అంచున అన్నం పొంగినట్టుంటాది."
మీ అయ్య కాలంలోనో?
"అప్పుడెక్కడిది? పిల్లలకోడి పొడిసిందా,
గొల్లకావిడి వాలిందా, అదే గడియారం.
ఇప్పుడు కోడీ లేదు, పిల్లలూ లేవు.
అయినా బావూ, ఎలుగు మురికవడమేటి?
మోటారు సచ్చిపోయిన రాత్రి
ఆ ఊరెలుగు సూసే కదా తెడ్డేసుకొచ్చాను."

జవాబు తోచలేదు.
వల కన్నులోంచి ఆయన వేలు
బయటికొచ్చి, లోపలికెళ్లి,
మళ్లీ బయటికొచ్చింది.

ఊరెలుగు అని చేర్చాను.
గంటలో పక్కన ముద్ర పడింది: మూలం కావాలి.
వేసింది, పేరు బదులు "చందనపు కొమ్మ" అని పెట్టుకున్న మనిషి.
ముఖం ఎరగను. కామాలు కూడా లెక్కపెడతారు.
వారి తప్పేం లేదు, నియమం అది.
దానయ్యకి పేజీ నంబరు లేదు.
ఏ సంవత్సరమని అడిగితే తుపాన్లతో చెబుతాడు.

నా దగ్గరా ఒకటుంది, రాయకూడనిది.
హుద్‌హుద్ వెళ్లిన మూడో రాత్రి.
స్తంభాలన్నీ రోడ్డుమీద పడుకుని ఉన్నాయి.
ట్యాంకు అడుగున నీళ్లు ముంచుదామని డాబా ఎక్కాను.
తలెత్తితే
టెన్త్ క్లాసు పుస్తకంలో ఉండాల్సిన పాలపుంత
మా ట్యాంకు మీద ఉంది.
కింద నుంచి అమ్మ, "ఉన్నాయా లేవా?"
ఉన్నాయనలేదు, లేవనలేదు.
కాసేపటికి తనూ ఎక్కింది. చెంబు కింద పెట్టింది.
"ఇన్నాళ్లూ ఇవిక్కడే ఉన్నాయా" అంది,
ఇంటికొచ్చిన చుట్టాలకి
మంచినీళ్లివ్వడం మరిచినట్టు.

ఇంకో నాలుగు రోజులకి కరెంటొచ్చింది.
వీధంతా చప్పట్లు.
నేనూ కొట్టాను.

దీన్ని సొంత పరిశోధన అంటారు. వ్యాసంలో చోటు లేదు.

తాబేలు పిల్లల పేరా మాత్రం నిలబడింది.
దానికి మూలాలు మూడున్నాయి.
గుడ్డు పగలగొట్టుకుని వచ్చి
ఎక్కడ మెరిస్తే అదే సముద్రమనుకుని
హోటళ్ల వైపు పాకేవి,
అరచేతిలో సగం కూడా లేనివి.
ఆ వాక్యం రాసి, ప్రచురించు నొక్కి,
వీధిదీపం పడకుండా కిటికీకి దుప్పటి కట్టి
పడుకున్నాను.

నిన్న మార్పుల చరిత్ర చూశాను.
రాత్రి రెండూ నలభైకి
ఖాతా కూడా లేని ఎవరో, పేరు బదులు అంకెలే,
నా పేరాలో వేలు పెట్టి వెళ్లారు.
ఒక్క బైటు తేడా.
ఎంత వెతికినా మారిందేమిటో కనబడలేదు.
సారాంశంలో రెండే మాటలు:
"చుక్క చేర్చాను."

వాక్యం చివర. అవును, నేను మరిచిందే.
ఎందుకో లేచి దుప్పటి కొంచెం తొలగించి చూశాను.
దీపమే ఉంది.

ఊరెలుగు పక్కన ముద్ర అలాగే ఉంది.
ఆదివారం మళ్లీ వెళ్లాలి.
దానయ్య మాట రికార్డు చేసి, ఊరూ పేరూ రాసి,
తేదీ వేసి...
తేదీ అడిగితే
ఏ తుపాను చెబుతాడో.