మొదటి పెట్రోల్ బంకు దాకా

తాళం చెవి చేతిలో పెట్టి
తెరావుచి ఒక్క మాటే అన్నాడు:
"కుడి మణికట్టును నమ్మకు."

వెయ్యి సీసీల బండి. నల్లది.
నావేమో ముప్పై ఏళ్ళు పాల ట్యాంకర్ తోలిన చేతులు.
వెనక పన్నెండు టన్నుల పాలు తొణుకుతుంటే
బ్రేకును బతిమాలి, గేరును బుజ్జగించి
మలుపు మలుపుకీ ఆవులకు క్షమాపణ చెప్పుకునే చేతులు.
వాటికి తొందరంటే తెలియదు.

తెషియో దాటాక ఎడమ పక్క సముద్రం.
నీళ్ళ మీద రిషిరి కొండ, నడుము దాకా మబ్బు చుట్టుకుని.
దారి తాడు లాగి పట్టినట్టు ఉత్తరానికి.
ముందూ వెనకా ఎవరూ లేరు.
బియ్యపు గింజంత తిప్పాను.

అంతే.
గుమ్మంలోంచి ఎవరో చాప లాగినట్టు
దారి దారంతా నా కిందికి వచ్చేసింది.
కడుపు అక్కడే, పాలకేంద్రం దగ్గరే ఉండిపోయింది.
హెల్మెట్‌లో ఒక కేక వినపడింది,
నాదేనని కాసేపటికి తెలిసింది.
మంచుకాలంలో రోడ్డు అంచు చూపించడానికి పాతిన
బాణాల స్తంభాలు
ఇదిగో ఇక్కడ, ఇదిగో ఇక్కడ అని కిందికి చూపిస్తూనే ఉన్నాయి,
నేనెక్కడున్నానో మాత్రం నాకు తెలియలేదు.
బండి ఆపి, దిగి, గడ్డిలో కూలబడి
యాభై రెండేళ్ళ మనిషిని
పళ్ళు టకటకలాడుతుంటే నవ్వాను.

ఆ ఏడు భయం వేసవంతా ఉంది.
నవంబర్లో మంచు పడింది.
ఐదు నెలలు బండి షెడ్డులో, గడ్డిమోపుల పక్కన, పాత దుప్పటి కింద.
రెండో ఏడు మళ్ళీ మొదటినుంచీ వణికాను,
కాని నెల్లాళ్ళే.
మూడో ఏడు వారం.
ఈ ఏడు
మొదటి పెట్రోల్ బంకు దాకా.
బంకు కుర్రాడు టోపీ తీసి వంగి దండం పెడుతుంటే
గ్లవ్స్ విప్పి చేతులు చూసుకున్నాను.
నిలకడగా ఉన్నాయి.
దిగులేసింది.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు.
రోత కాదు, అబద్ధమాడను.
రైలు కట్ట పక్కన కాపురమున్నవాళ్ళకు
రైలు వినపడదు చూడండి, అది.

ఇంజిన్ ఏమైనా మెత్తబడిందేమో చూడమన్నాను.
తెరావుచి మీటర్లు పెట్టి చూశాడు, చెవి పెట్టి విన్నాడు.
"బండి అలాగే ఉంది" అన్నాడు.
మిగతా సగం అనకుండా టీ పోశాడు.
షట్టర్ వెనక ఇంకా పెద్దదొకటి ఉంది.
అటు ఒకసారి చూసి ఊరుకున్నాడు.
ఆ ఊరుకున్నందుకు ఇప్పటికీ ఋణపడి ఉన్నాను.

ఒక సాయంత్రం, సోదరి ఫోన్ సంగతి ఆలోచిస్తూ పోతూ
మీటరు వైపు చూశాను.
నేను అడగని అంకె.
తిన్నట్టు గుర్తే లేదు,
గిన్నె ఖాళీగా ఉంది.
అప్పుడు వేసింది భయం, కాని అది వేరే భయం,
దానిలో నవ్వు లేదు.

ఆగస్టులో సప్పోరో నుంచి మేనకోడలు చిగుసా వచ్చింది.
పదిహేడేళ్ళు. దేనికీ ఆశ్చర్యపోకూడదని ఒట్టు పెట్టుకున్న వయసు.
వెనక కూర్చోబెట్టుకున్నాను.
అదే దారి, అదే కొండ. బియ్యపు గింజంత.
పది వేళ్ళూ నా పక్కటెముకల సందుల్లోకి దిగాయి.
నా వీపులోంచి దాని కేక నా నోట్లోకి వచ్చింది.
నాలుగేళ్ళుగా ఎక్కడో పారేసుకున్నాననుకున్నది
నా వెనకే కూర్చుని ఉంది,
నా జాకెట్ పట్టుకుని.

"మళ్ళీ" అంది.
మళ్ళీ.
"ఇంకోసారి" అంది.
మూడోసారికి
ఎడమ చెయ్యి చిటికెన వేలు కాస్త వదులైంది.
అదింకా గమనించలేదు. నేను గమనించాను.

నలభైకి తగ్గించాను.
ఏమైందని వీపు మీద తట్టింది.
పెట్రోల్ అయిపోవచ్చిందన్నాను.